మూత లోపలి అక్షరం

ఏన్కూరు మెయిన్ రోడ్డు మీద రెండు సెల్‌ఫోన్ దుకాణాల మధ్య ఇరుక్కుని ఒక చిన్న మడిగె ఉంది. హఫీజ్ వాచ్ వర్క్స్ అన్న బోర్డు వెలిసిపోయి, తెలిసినవాళ్ళకు తప్ప ఇప్పుడెవరికీ కనబడదు. లోపల పని బల్ల, బల్ల వెనుక చేతుల్లేని టేకు కుర్చీ, దాని పక్కన ఒక ముక్కాలి పీట. కుర్చీ మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. హఫీజ్ గారి కూతురు సనోబర్ పీట మీద కూర్చుంటుంది. యాభై రెండేళ్ళ మనిషి, నడుం నొప్పితో రోజూ తైలం రాసుకునే మనిషి, నిక్షేపంలాంటి కుర్చీ పక్కనే ఉండగా పీట మీద వంగి కూర్చుని పని చేస్తుంది.

నా పేరు ఆదినారాయణ. ముప్పై అయిదేళ్ళు ఈ మండలంలో ఉత్తరాలు పంచి నిరుడు రిటైరయ్యాను. నాకు నోరు ఊరుకోదు, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఒకసారి కాళ్ళు లాగుతున్నాయని ఆ కుర్చీ మీద గుడ్డ తీయబోయాను. సనోబర్ చెయ్యి అడ్డం పెట్టింది. పక్క దుకాణం నుంచి ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి నాకు వేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆటపట్టించినా, ఆ గుడ్డ జోలికి మాత్రం పోలేదు.

ఆ కుర్చీ ఆమె అన్న మున్వర్‌ది. అతను ఇల్లు విడిచి ముప్పై ఆరేళ్ళయింది. ఆమెకు కావలసింది ఒక్కటే. అన్న చెప్పిన అబద్ధాన్ని తాను విప్పి చెప్పేశానని అతనికి తెలియాలి, అతను తిరిగొచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే భయ్యా వచ్చినంక చూద్దాం అనేది. అలా అంటూనే తల నెరిసింది.

వాచీ పనివాళ్ళలో ఒక అలవాటు ఉంది. వాచీ వెనుక మూత తీసి పని చేశాక, ఆ మూత లోపలి వైపు సూదితో తమ గుర్తు ఒకటి, చేసిన ఏడాది ఒకటి గీస్తారు. వాచీ గలవాళ్ళకు ఆ సంగతే తెలియదు. మళ్ళీ మూత తీసే పనివాడికి మాత్రం తనకన్నా ముందు దాన్ని ఎవరు ముట్టుకున్నారో, ఎప్పుడు ముట్టుకున్నారో తెలిసిపోతుంది. హఫీజ్ గారు తన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం, హే, గీసేవారు. కొడుకు మున్వర్ చేతికి పని వచ్చాక అతని పేరులోని మొదటి అక్షరం, మీమ్, గీయనిచ్చారు. ఆ ఇంట్లో దానికొక కట్టడి కూడా ఉండేది. గీసే రోజు కుర్చీలో కూర్చున్నవాళ్ళే మూతలో గీయాలి. పక్కన చేరి సాయం పట్టినవాళ్ళు గీయకూడదు. తప్పొస్తే మొహం చూపించాల్సింది కుర్చీలో మనిషే కాబట్టి.

సనోబర్‌కు అక్షరం లేదు. ఎందుకంటే ఆమె పని చేస్తుందని బయట ఎవరికీ తెలియదు. దుకాణం వెనుకే ఇల్లు, మధ్యలో పరదా. పన్నెండేళ్ళప్పుడే అన్న దగ్గర కూర్చుని నేర్చుకుంది. తండ్రికి తెలియకుండా చిన్న చిన్న పనులు అన్న పరదా అవతలికి అందించేవాడు, ఆమె చేసి తిరిగి అందించేది. నీ పేరు రాసేది సాద్‌తోనే అయినా, సీన్ అక్షరానికి చక్రానికి ఉన్నట్టే పళ్ళున్నాయి, ఏదో ఒకరోజు నువ్వూ అది గీస్తావు అని అన్న అంటుండేవాడట.

వాచీ ఎలా నడుస్తుందో నాకు నేర్పింది ఆమే. ముప్పై ఏళ్ళు వాచీ కట్టుకుని టైము తప్ప ఏమీ తెలియని నాకు, నా పాత హెచ్ఎంటీనే విప్పి చూపించింది. కీ తిప్పితే చిన్న డ్రమ్ములో ఉక్కు పట్టీ చుట్టుకుంటుంది. చుట్టుకున్నదానికి విప్పుకోవాలన్న ఆత్రం తప్ప ఇంకోటి ఉండదు, వదిలేస్తే ఒక్క క్షణంలో విప్పుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. ఆ బలాన్ని నాలుగు చక్రాలు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. నడిమి చక్రం గంటకు ఒక చుట్టు తిరిగితే, నాలుగోది నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ వరస చివర కొక్కెం పళ్ళ చక్రం ఒకటి. దాని ముందు ఫోర్కు, దాని రెండు కొమ్ములకు రెండు ఎర్రరాళ్ళు. ఒక రాయి పన్నును వదిలేసరికి రెండో రాయి ఇంకో పన్నును పట్టుకుంటుంది. మనం వినే టిక్కు ఆ పట్టుకున్న చప్పుడు. ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు చక్రం. ఆ చక్రం అటు పోయిన ప్రతిసారీ వెనక్కి లాగేది, వెంట్రుక కన్నా సన్నటి హెయిర్ స్ప్రింగు. ఇదంతా సెకనుకు ఐదుసార్లు.

"గడియారమంటే పరుగు కాదు ఆదన్నా," అంది, నా వాచీ నా చేతిలో పెట్టి. "ఉరుకుదామని చూసేదాన్ని ఆపి ఆపి నడిపిచ్చుడే. పోయినదాన్ని ఎనక్కి గుంజుడే."

ఆ రోజు నేను నవ్వి ఊరుకున్నాను. నాకు అప్పటికి మొత్తం కథ తెలియదు.

తెలిసింది సగమే, అదీ తప్పుడు సగం. ఎనభై తొమ్మిదిలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది. ఒక మధ్యాహ్నం ఉత్తరం ఇవ్వడానికి ఆ దుకాణానికి పోయాను. హఫీజ్ గారు కొడుకును చెప్పుతో కొడుతున్నారు. తల్లాడ కర్ర కాంట్రాక్టరు ఒకాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన తాతల నాటి స్విస్ వాచీ హెయిర్ స్ప్రింగు పాడైపోయింది. కుర్చీలో కూర్చుని ఉన్నది మున్వర్. ఎవరు చేశారని తండ్రి అడిగితే నేనే అన్నాడట. పంతొమ్మిదేళ్ళవాడు, ఒక్క దెబ్బకు కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను ఉత్తరం అక్కడ పడేసి, ఇంటింటికీ ఉత్తరాలతోపాటు ఆ సంగతి కూడా పంచాను. మున్వర్ చేతికి వాచీ ఇస్తే అంతే అని సాయంత్రానికి ఊరంతా అనుకుంది. ఆ మాట పుట్టింది నా నోట్లోనే. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు మున్వర్ భద్రాచలం వైపు వెళ్ళిపోయాడు.

ఆ స్ప్రింగును పాడు చేసింది సనోబర్. మామూలు వాచీలో హెయిర్ స్ప్రింగు దోమలబత్తి చుట్టలా చదునుగా పడుకుని ఉంటుంది. ఆ స్విస్ వాచీలో చివరి చుట్టు మాత్రం మిగతావాటి మీదికి లేచి, మళ్ళీ లోపలికి ఒంగి ఉంటుంది. అలా ఒంచితే స్ప్రింగు అన్ని వైపులా సమంగా ముడుచుకుని సమంగా విచ్చుకుంటుంది, వాచీని ఎలా తిప్పి పెట్టినా టైము తప్పదు. ఆ వంపు చేత్తోనే పెట్టాలి. పదహారేళ్ళ పిల్ల అలాంటిదాన్ని ఎన్నడూ చూడలేదు. తండ్రి బయటికి పోయాడు, అన్న చాయ్ తాగడానికి పోయాడు. చుట్టు పైకి లేచి ఉందని, అది చెడిపోయిందనుకుని, చిమటాతో, అదే సన్నటి పట్టకారుతో, కిందికి నొక్కి సరిచేయబోయింది. అంతే, స్ప్రింగు చిక్కుపడింది. అన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. నువ్వు లోపలికి పో అని పరదా దించి, తాను పోయి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె మూడు నెలలు నోరు విప్పలేకపోయింది. తర్వాత ఒక శుక్రవారం, నమాజు చేసి వచ్చిన తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది. మర్నాడు పొద్దున హఫీజ్ గారు పరదా తీసి చుట్టేసి, కూతురిని పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. ఈ సంగతి ఆమె నాకు చెప్పినప్పుడు నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నా హెచ్ఎంటీకి కీ తిప్పుతూ కూర్చున్నాను. అప్పటికే నిండా తిప్పి ఉందది.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. అది భయ్యాది అని పీట తెచ్చుకుంది. కానీ అక్షరం మాత్రం గీస్తానంది. అన్న ఎక్కడున్నా వాచీ పనే చేస్తుంటాడు, ఏదో ఒక వాచీ మూత తీస్తాడు, అందులో సీన్ కనబడితే తాను పరదా బయటికి వచ్చినట్టు, అబ్బాకు అంతా తెలిసినట్టు అర్థమవుతుంది. అప్పుడు తిరిగొస్తాడు. ఇదీ ఆమె లెక్క. హఫీజ్ గారికి అది నచ్చలేదట. కూర్చుంటే గీయి, గీస్తే కూర్చో, సగం సగం చేయకు అన్నారట. కూతురి ఏడుపు చూసి తర్వాత ఆ మాట వదిలేశారు, తానూ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

అప్పటి నుంచి ఆమె చేతికి వచ్చిన ప్రతి వాచీలో సీన్ గీసి పంపింది. వచ్చిన ప్రతి వాచీలో ముందు మూత తీసి మీమ్ కోసం వెతికింది. రెండుసార్లు దొరికింది. మణుగూరు గనిలో పనిచేసే ఒకాయన వాచీలో మీమ్, తొంభై రెండు. చండ్రుగొండ రైతు హరిలాల్ సంతలో కొన్న వాచీలో మీమ్, తొంభై ఎనిమిది. ఆ ఏళ్ళల్లో అన్న బతికున్నాడన్నమాట. రెండుసార్లూ హఫీజ్ గారు దుకాణం మూసి, ఆ దిక్కు వెళ్ళి, వారం తిరిగి, ఒక్కరే వచ్చారు. కొడుకును కొట్టిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. రెండువేల మూడులో అలాగే పోయారు.

తర్వాత వెతుకులాట నా మీద పడింది, నేనే మీద వేసుకున్నాను. ఇంటి నంబరు లేని ఉత్తరాన్ని కూడా చేర్చగలనని నాకు పొగరు. గోదావరి అవతల ప్రతి పోస్టాఫీసుకూ రాశాను, మున్వర్ అనే వాచీ మెకానిక్ ఉన్నాడా అని. ఎవరూ లేరన్నారు. అడవి దిక్కు వాచీలు బాగుచేసే మనిషి ఒకతను ఉన్నాడని తెలిసినవాళ్ళు ఉన్నారు కానీ, అతని పేరు తెలిసినవాళ్ళు లేరు. అతనికి దుకాణం లేదు, ఈ వారం ఈ సంత, పై వారం ఇంకో సంత, అప్పుడప్పుడు ఛత్తీస్‌గఢ్ దాకా. మేం రెండుసార్లు బస్సెక్కి పోయాం. పోయిన సంతలో అతను లేడు, అతనున్న సంతకు మేం పోలేదు.

సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి, కీ వాచీలు కరిగిపోయాయి. సనోబర్ సెల్లులు మార్చి, బెల్టులు కుట్టి బతికింది. కీ వాచీ ఏది తెచ్చినా మాత్రం ఊరికే చేసిస్తానని నాతో ఊరూరా చెప్పించింది. పిచ్చిదని నవ్వారు. మూలన పడ్డ వాచీలన్నీ నా సంచీలో ఎక్కి వచ్చేవి. వాటిని పెట్రోల్లో కడిగి, ఇరుసులను జీలుగు బెండులో గుచ్చి శుభ్రం చేసి, రాళ్ళ గుంటల్లో సూదిమొనంత నూనె పెట్టి, సీన్ గీసి తిరిగిచ్చేది.

కాంట్రాక్టరు వదిలేసి పోయిన ఆ స్విస్ వాచీ సొరుగులోనే ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా దాన్నే ముందేసుకునేది. తుప్పు పట్టిన ఇరుసు మార్చింది. పగిలిన రాయి తీసి వేరేది ఎక్కించింది. హెయిర్ స్ప్రింగు ఎక్కడా దొరకలేదు. అందుకని వేరే వాచీల స్ప్రింగులు తీసుకుని ఆ వంపు తానే పెట్టడం మొదలుపెట్టింది. వెంట్రుకంత పట్టీని విరగకుండా పైకి లేపాలి, మళ్ళీ చదును చేయాలి, నడిమి మీదికి ఒంచాలి. ఎన్ని పోయాయో ఆమెకే తెలియాలి. పదకొండేళ్ళ కింద ఒకటి కుదిరింది. నా కంటికి లూపు, ఆ చిన్న భూతద్దం, పెట్టి చూపించింది. దాన్ని కాగితంలో మడిచి డబ్బాలో పెట్టింది తప్ప వాచీకి ఎక్కించలేదు.

"భయ్యా చూసినంక ఎక్కిస్త," అంది. "మంచిగున్నదో లేదో ఆయనే చెప్పాలె."

ఈ ఏడాది మిరప ఏరే రోజుల్లో కొండమ్మ వచ్చింది. చర్ల అవతల అడవి ఊరి మనిషి, అరవై దాటి ఉంటాయి. ఏటా వాళ్ళ ఊరివాళ్ళు గుంపుగా మా వైపు మిరప చేలకు కూలికి వస్తారు. ఆ రోజు చేనికి మందు కొట్టారని పని లేదు. వేళ్ళకు మిరప మంట తగ్గక కొబ్బరినూనె రాసుకుని ఉంది. కొంగు ముడి విప్పి ఒక కీ వాచీ బల్ల మీద పెట్టింది. చనిపోయిన మొగుడిదట, నడవడం మానేసిందట. నేను అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో పేపరు చదువుతున్నాను.

సనోబర్ మూత తీసింది. లూపు కంటికి పెట్టుకుంది. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత లూపు తీసి నా చేతికిచ్చింది. నేను చూశాను. పైన సీన్, రెండువేల పది. అది ఆమె గీసిందే. దాని కిందనే, అంత దగ్గరగా, మీమ్. రెండువేల పదిహేడు.

అంటే అతను చూశాడు. ఆమె ఇన్నేళ్ళు పంపిన మాట అతనికి చేరింది. మరుక్షణమే ఇంకోటి తోచి, ఆమె మొహం వైపు చూడలేకపోయాను. చేరి ఎనిమిదేళ్ళయింది. అతను రాలేదు.

అడగాల్సిన మాటలు నేనే అడిగాను. కొండమ్మకు ఇంట్లో మాట కోయ, తెలుగు ఆగి ఆగి మాట్లాడుతుంది. ఆ వాచీని ఆమె మొగుడు సంతలో కొన్నాడు. ఆగిపోతే అదే సంతలో పట్టా పరుచుకుని కూర్చునే గడియారం సాయిబుకు ఇచ్చాడు. వాళ్ళిద్దరికీ చుట్ట దోస్తీ. ఆ సాయిబు ఏ వాచీ ఇచ్చినా నడుస్తుందా లేదా అని చూడడట, ముందు మూత తీసి లోపల చూస్తాడట. ఆ రోజూ అట్లే తీశాడు. చూసి నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. ఏందని అడిగితే ఇది మా చెల్లె గీసిన అక్షరం అన్నాడు.

"మరి పోరాదా మీ ఊరికి అన్నడు మా ముసలోడు," అంది కొండమ్మ. "అవ్, పోవాలనే ఉంది అన్నడు సాయిబు. పట్టా చుట్టిండు గూడ. మల్ల కూసున్నడు. దుకాణంల కుర్చి ఒక్కటే ఉంటది, కుర్చిల కూసున్నోళ్ళే మూతల గీస్తరు, మా చెల్లె గీసిందంటే కుర్చిల కూసున్నట్టే అన్నడు. నేను పోతే అది లేస్తది, లేవకుండ ఉండదు, నాకు ఎరుకే అన్నడు. దాన్ని కూసోనియ్యి అన్నడు."

రోడ్డు మీద మిరప బస్తాల ట్రాక్టరు పోతోంది. సనోబర్ చాలా నెమ్మదిగా, ఇప్పుడు ఆయన ఏ సంతలో ఉంటాడని అడిగింది.

కొండమ్మ ఆమె వైపు, ఆ నెరిసిన తల వైపు చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది తాను ఎవరి ముందు కూర్చుందో. లేచి బల్ల వెనక్కి వెళ్ళి, నూనె చేత్తోనే సనోబర్ భుజం పట్టుకుంది. పోయిన ఏడాదికి ముందటి వానాకాలం జ్వరమొచ్చిందని, దవాఖానాకు మోసుకుపోయేలోపే పోయాడని చెప్పింది. సంతలో బట్టలమ్మే సాయిబులు వచ్చి వాళ్ళ పద్ధతిలో మట్టి చేశారట. ఆ ఊరి పక్కనే, ఇప్పచెట్ల దగ్గర. తన మొగుడు కూడా మట్టి వేశాడట.

సనోబర్ ఏడవలేదు. ముందు కొండమ్మ వాచీ చేసింది. విప్పి, కడిగి, బిగించి, కీ తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది. మూతలో మీమ్ కింద సీన్ గీసి ఈ ఏడాది వేసింది. కొండమ్మ వాచీని మళ్ళీ కొంగున ముడేసుకుని, ఇప్పచెట్ల దగ్గరికి వస్తే తానే దారి చూపిస్తానని మాటిచ్చి పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా సనోబర్ గుమ్మంలో నిలబడే ఉంది.

"నేనే చేసిన ఆదన్నా," అంది లోపలికి వచ్చాక. "అబ్బా చెప్పిండు, సగం సగం చెయ్యకు అని. గీసిన, కూసోలే. ఆయన రావాలని గీసిన. గదే చూసి ఆయన రాకపాయె."

చెల్లెలు కూర్చుందని అన్న అడవిలో నేల మీద కూర్చున్నాడు. అన్న వస్తాడని చెల్లెలు పీట మీద కూర్చుంది. కుర్చీ మాత్రం ముప్పై ఆరేళ్ళు తెల్లగుడ్డ కప్పుకుని ఎవరికీ కాకుండా ఉంది. నాకు వాళ్ళిద్దరి మీదా కోపమొచ్చింది, చెప్పలేనంత కోపం. ఆ రోజు ఊరంతా తిరిగి వాగిన నా నోటి మీద అంతకన్నా ఎక్కువొచ్చింది.

ఆమె గుడ్డ తీసి మడతపెట్టింది. పీటను కాలితో పక్కకు జరిపి కుర్చీలో కూర్చుంది. హఫీజ్ గారు ఆ పని కోసమే కొలిచి కాళ్ళు కోయించిన కుర్చీ అది. కూర్చోగానే మోచేతులు బల్ల మీద వాటంగా ఆనాయి, నడుం వంగలేదు. ఒక నిమిషం అలా కూర్చుని, అప్పుడు ఏడ్చింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

తిరిగి వెళ్ళేసరికి స్విస్ వాచీ బల్ల మీద ఉంది. డబ్బాలోంచి కాగితం పొట్లం విప్పి, తాను ఒంచిన స్ప్రింగును బ్యాలెన్సుకు ఎక్కించి వాచీలోకి దించుతోంది. స్ప్రింగు రెండుసార్లు ముడుచుకుంది, విచ్చుకుంది. చక్రం ఊగడం మొదలుపెట్టింది. ఎనభై తొమ్మిదిలో ఆగిన వాచీ సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటోంది. ఎలా ఉందని నన్ను అడగలేదు, బాగుందని నేనూ అనలేదు. ఆ మాట చెప్పాల్సిన మనిషిని నేను కాదు.

మూత వెనక్కి తిప్పి సూది తీసుకుంది. ముందు అబ్బా హే గీసింది. దాని కింద అన్న మీమ్, దాని కింద తన సీన్. సీన్ పక్కన రెండువేల ఇరవై అయిదు అని వేసింది. మీమ్ పక్కన సూది చాలాసేపు ఆగింది. అక్కడ ఏడాది వేయలేదు.